వాట్సాప్ మోగితే ఫోన్ ఉన్నట్టు కాదు

మేముండే రేకుల గదిని ఇక్కడ 'డోంగా' అంటారు. వచ్చిన మొదటి రోజు సూపర్‌వైజర్ ఆ మాట అనగానే, మమ్మల్ని దొంగలంటున్నాడేమోనని మాలో ఒకతను మొహం ముడుచుకున్నాడు. ఇప్పుడు కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా ఆ సంగతి చెప్పుకుని నవ్వుకుంటాం. కానీ ఈ వారం రాయబోయేది నవ్వుకునే విషయం కాదు.

ఒక జనవరి రాత్రి. ముర్రే నది పక్క ద్రాక్షతోటల్లో మేం పనిచేస్తున్న రోజులు. ఊరు నలభై కిలోమీటర్ల దూరం. పగలంతా ఎండలో కాయ కోసి వచ్చిన ఒక తమ్ముడికి రాత్రి పదింటికి వాంతులు మొదలయ్యాయి. కాళ్లు చేతులు కొంకర్లు పోయాయి, మాట తడబడింది. అంబులెన్స్ పిలవాలి. గదిలో ముగ్గురం ఉన్నాం. మూడు ఫోన్లూ ఉన్నాయి.

మొదటి ఫోన్ అతను బయల్దేరే ముందు ఊళ్లో కొన్నది, కొత్తది. క్యాంపు వైఫై మీద వాట్సాప్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కాల్ మాత్రం కలవలేదు. రెండో ఫోన్‌లో బ్యాటరీ మూడు శాతం. నంబర్ నొక్కేలోపే ఆరిపోయింది. మూడో ఫోన్‌కు ఆ గదిలో సిగ్నలే లేదు, బయటికొచ్చి చెయ్యి పైకెత్తి తిరిగినా లేదు. చివరికి పక్క వరసలో ఉండే వంటగది మనిషి, ఫిలిప్పీన్స్ దేశస్తుడు, ఇక్కడ కొన్న చవక ఫోన్ తెచ్చి ఒక్కసారికే కలిపాడు. అంబులెన్స్ వచ్చింది. తమ్ముడు బతికాడు. నాలుగు రోజుల తర్వాత పనిలోకి కూడా వచ్చాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మూడు ఫోన్లుండీ ఒక్కటీ అక్కరకు రాలేదేం? మూడింటికీ మూడు వేర్వేరు కారణాలు. ఒక్కొక్కటే తెలుసుకున్నాం. తెలిసింది చెప్పడం ఒక పని. ఇందులో తప్పెవరిదో, చేయాల్సిందెవరో అడగడం రెండో పని. రెండూ చేద్దామని ఈ వ్యాసం.

మొదటి ఫోన్ సంగతి

ఆస్ట్రేలియాలో 2జీ ఎప్పుడో పోయింది. 3జీ కూడా పోయింది. వొడాఫోన్ 2024 జనవరికల్లా తన 3జీ మూసేసింది. టెల్‌స్ట్రా, ఆప్టస్ రెండూ 2024 అక్టోబరు 28న మూయడం మొదలుపెట్టాయి. నిజానికి ఇంకా ముందే మూయాల్సింది, అత్యవసర కాల్స్ భయంతోనే ఆ తేదీ దాకా వాయిదా వేశారు. ఆ భయం ఏమిటంటే, కొన్ని 4జీ ఫోన్లు మామూలు కాల్ 4జీ మీద చేస్తాయి గానీ, అత్యవసర నంబరు 000 నొక్కగానే 3జీ కోసం వెతుక్కుంటాయి. 3జీ లేకపోతే కాల్ పోదు. 2024 మొదట్లో ఇలాంటివి 7 లక్షల 40 వేలకు పైగా ఉన్నాయని అప్పటి మంత్రే చెప్పారు.

అంటే ఒక మోసం దాగి ఉంది. ఇంటికి ఫోన్ కలుస్తుంది, సూపర్‌వైజర్‌కు కలుస్తుంది, అంతా బాగుందనుకుంటాం. ప్రాణం మీదికొచ్చిన నాడు మాత్రం కలవదు. అందుకే ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. 4జీ మీద 000కు కాల్ చేయలేని ఫోన్ ఏదైనా సరే, కంపెనీ దాన్ని తన నెట్‌వర్క్‌లోకి రానివ్వకూడదు. సిమ్ మంచిదే, డబ్బులున్నాయి, అయినా ఫోన్‌ను ఆపేస్తారు. మా తమ్ముడి ఫోన్‌కు జరిగింది ఇదే. అతను నాలుగు నెలలుగా సిమ్ చెడిపోయిందనుకుంటూ వైఫై మీదే నెట్టుకొస్తున్నాడు.

'మన ఫోన్ మీద వీళ్ల పెత్తనమేంటి' అని మనవాళ్లు కొందరు తిట్టుకుంటుంటే విన్నాం. మేమలా అనుకోవడం లేదు. కాల్ పోని ఫోన్‌ను జేబులో పెట్టుకుని ధైర్యంగా తిరగడం కంటే, ఇది పనికిరాదని ముందే తెలియడం మేలు. నిబంధన మంచిదే. మా గొడవ నిబంధనతో కాదు, అది మనకు చేరిన తీరుతో.

2024లో ఈ దేశంలో ఉన్నవాళ్లకు మెసేజ్‌లు వెళ్లాయి, టీవీల్లో చెప్పారు. సరే. ఆ తర్వాత విమానం దిగిన మనవాడికి ఎవరు చెప్పారు? పన్నెండు వేలో పదిహేను వేలో అప్పు చేసి కొత్త ఫోన్ కొనుక్కుని వచ్చాడు. వీసా కాగితాలు పట్టుకొచ్చిన ఏజెంటు చెప్పలేదు. పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు చెప్పలేదు. బూట్లు ఎలాంటివి తెచ్చుకోవాలో జాబితా ఇచ్చారు, టోపీ తెచ్చుకోమన్నారు, ఫోన్ గురించి ఒక్క ముక్క లేదు. బూటు తప్పయితే ఇక్కడ కొనుక్కోవచ్చు. ఫోన్ తప్పయితే ప్రాణమే పోవచ్చు కదా?

కాబట్టి మొదటి మాట ఇంకా బయల్దేరని వాళ్లకు. మీ అన్నదమ్ములు, బావమరుదులు ఎవరైనా వస్తుంటే ఇది చదివి వినిపించండి. కొనే ముందే ఆ మోడల్ ఆస్ట్రేలియాలో 4జీ కాల్స్‌కూ, అత్యవసర కాల్స్‌కూ పనికొస్తుందా అని ఇక్కడున్న వాళ్లతో సిమ్ కంపెనీని అడిగించండి. తేలకపోతే పాత ఫోన్‌తోనే రండి. ఇక్కడి సూపర్‌మార్కెట్లలో నూరు, నూట యాభై డాలర్లకు దొరికే మామూలు ఫోన్ చాలు.

వచ్చేసిన వాళ్లు మూడు పనులు చేయండి. ఒకటి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'వోల్టీ' ఆన్‌లో ఉందో లేదో చూడండి. రెండు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వాయిదా వేయకండి. 2025లో పాత శాంసంగ్ మోడళ్లు కొన్ని 000 దగ్గర తడబడుతున్నాయని బయటపడింది. అప్‌డేట్‌తో కొన్ని బాగుపడ్డాయి, కొన్నిటిని మార్చాల్సే వచ్చింది. మూడు, ఫోన్‌లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ నంబర్ వస్తుంది. అది చెప్పి మీ ఫోన్ 000కు పనికొస్తుందా అని సిమ్ కంపెనీని అడగండి. అంతేగానీ, 'చూద్దాం' అని 000కు ఉత్తుత్తి కాల్ చేయకండి. అది నేరం. పైగా ఆ నిమిషంలో నిజంగా అవసరమున్నవాడి లైను మనం ఆపినట్టవుతుంది.

రెండో ఫోన్ సంగతి

బ్యాటరీ. 'ఫోన్ పాతబడింది, ఛార్జింగ్ నిలవదు' అంటాం. ఊళ్లో రోజంతా వచ్చిన ఫోనే ఇక్కడికొచ్చాక మధ్యాహ్నానికి ఆరిపోతుంది. ఎందుకని?

మొదటి కారణం సిగ్నల్. టవర్ దూరమైనకొద్దీ ఫోన్ గొంతు పెంచి అరవాలి. చెవిటివాడితో మాట్లాడినట్టన్న మాట. ఆ అరుపంతా బ్యాటరీ నుంచే. సిగ్నల్ అసలే లేనిచోట అది ఊరుకోదు, వెతుకుతూనే ఉంటుంది. దానికి తోడు రెండో స్లాట్‌లో ఇండియా సిమ్ ఉంటే అదీ తన వెతుకులాట తనది. అందుకే సిగ్నల్ లేని తోటలోకి, గుంటలోకి దిగేటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. స్మోకోకు బయటికొచ్చినప్పుడు తీయండి. సాయంత్రానికి సగం మిగులుతుంది.

రెండో కారణం ఎండ. రామగుండం, కొత్తగూడెం ఎండలు చూసినవాళ్లమే గానీ, ఇక్కడిది ఇంకో రకం. పిల్‌బరా తీరంలోని ఆన్‌స్లోలో 2022 జనవరి 13న 50.7 డిగ్రీలు నమోదైంది. అక్కడి గనుల్లో మనవాళ్లు ఉన్నారు. యాపిల్ కంపెనీ తన ఫోన్లను 35 డిగ్రీల లోపు వాడమంటుంది. ఇక యూట్ అద్దం ముందు ఎండలో పెట్టి వెళ్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. లిథియం బ్యాటరీకి వేడి చేసే హాని తిరిగి బాగుపడేది కాదు. వేడెక్కిన ఫోన్‌ను అప్పుడే ఛార్జింగ్ పెట్టకండి, ఫ్రిజ్‌లో అసలే పెట్టకండి. లోపల చెమ్మ పడుతుంది. నీడలో, కవర్ తీసి, కాసేపు వదిలేస్తే చాలు.

మూడో కారణం ఛార్జర్. ఇక్కడి కరెంటు 230 వోల్టులు, మన ఇంటి కరెంటులాంటిదే. కాబట్టి మన ఛార్జర్ పనికొస్తుంది, ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ ఒక్కటి కావాలి. ఆ అడాప్టర్, ఛార్జర్ ఏది కొన్నా త్రికోణంలో టిక్కు ఉన్న ఆర్‌సీఎం గుర్తు చూసి కొనండి. మా క్యాంపులో ఒకే ప్లగ్గుకు ఎక్స్‌టెన్షన్, దానికి మరో ఎక్స్‌టెన్షన్, దానికి రైస్ కుక్కరూ ఆరు ఫోన్లూ తగిలించిన గదులు చూశాం. దిండు కింద ఛార్జింగ్ పెట్టి పడుకునేవాళ్లనూ చూశాం. రేకుల గదికి నిప్పంటుకుంటే ఎన్ని నిమిషాలు పడుతుందో ఎవరికి వారు ఊహించుకోండి. వీపు ఉబ్బిన ఫోన్ కనిపిస్తే ఆ రోజే వాడకం ఆపండి. అలాగని చెత్తడబ్బాలో వేయకండి.

విమానాల్లో గనులకు వెళ్లొచ్చేవాళ్లకు ఒక మాట. పవర్ బ్యాంకు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి, కింద వేసే లగేజీలో కాదు. 2025 జూలైలో సిడ్నీ నుంచి హోబార్ట్ వెళ్లే విమానంలో పై అరలో ఉన్న ఒక పవర్ బ్యాంకు అంటుకుంది. 20,000 ఎంఏహెచ్‌ది అంటే దాదాపు 74 వాట్ అవర్లు, నూటికి లోపే కాబట్టి మామూలుగా ఒప్పుకుంటారు. అంతకంటే పెద్దదైతే అడిగి తీసుకెళ్లండి.

మూడో ఫోన్ సంగతి

సిగ్నల్. ఈ దేశంలో నెట్‌వర్క్ ప్రకటనలు చూస్తే 'జనాభాలో 99 శాతానికి' అని ఉంటుంది. జనమంతా తీరం వెంట పట్నాల్లో ఉన్నారు కాబట్టి ఆ లెక్క నిజమే. మనం మాత్రం జనం లేనిచోట పనిచేస్తాం. భూభాగం లెక్కన చూస్తే దేశంలో సగానికి పైగా ఎవరి టవరూ లేదు. ఆ 99లో మనం లేమన్న మాట.

పట్నాలకు దూరంగా 4జీ ఎక్కువగా 700 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. దాన్ని బ్యాండ్ 28 అంటారు. ఇండియాలో అమ్మే ఫోన్లలో కొన్నిటికి ఆ బ్యాండ్ ఉండదు. మెల్‌బోర్న్‌లో బాగా పనిచేసిన ఫోన్ తోటకు రాగానే మొద్దుబారడానికి కారణం ఇదే. ఫోన్ పేరుతో పాటు 'బ్యాండ్ 28' ఉందా అని చూసుకోవాలి. సిమ్ విషయంలోనూ ఒక తిరకాసు ఉంది. అదే పెద్ద కంపెనీ టవర్ల మీద నడిచే చవక సిమ్ములన్నీ దాని టవర్లన్నీ వాడలేవు. 'ఏ నెట్‌వర్క్' అని కాదు, 'మా క్యాంపు దగ్గర పనిచేస్తుందా' అని అడగండి. కొనే ముందు క్యాంపులో పాతవాళ్లను అడిగితే ఇంకా మంచిది.

ఫోన్, సిమ్ రెండూ మంచివైనా కంపెనీయే పడిపోయే రోజుంటుంది. 2023 నవంబరు 8న ఆప్టస్ దేశమంతా ఆగిపోయింది. 2,145 మంది 000కు చేరలేకపోయారు. కంపెనీకి 1 కోటి 20 లక్షల డాలర్ల జరిమానా పడింది. 2025 సెప్టెంబరు 18న అదే నెట్‌వర్క్‌లో మళ్లీ వందలాది అత్యవసర కాల్స్ పోలేదు. అందుకే ఒకే గదిలో నలుగురున్నప్పుడు నలుగురూ ఒకే కంపెనీ సిమ్ తీసుకోకండి. కనీసం రెండు కంపెనీలుండేలా చూసుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు.

డబ్బుల సంగతి

డేటా గురించి క్లుప్తంగా చెప్తాం. ఇండియా సిమ్‌లో డేటా రోమింగ్ ఆపేయండి. విమానం దిగగానే చేయాల్సిన మొదటి పని అదే. మొబైల్ డేటా ఇక్కడి సిమ్ మీదే నడిచేలా పెట్టుకోండి. వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపేయండి. ఊరి గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగులకే సగం డేటా కరిగిపోతోంది. ఇక్కడి ప్రీపెయిడ్ ప్యాకులు చాలావరకు 28 రోజులవి. ఏడాదికి నెలలు పన్నెండే గానీ రీఛార్జిలు పదమూడు పడతాయి. ఆ పదమూడోది లెక్కలో పెట్టుకోండి.

అలాగని ఇండియా సిమ్‌ను చావనివ్వకండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. 90 రోజులు వాడకం లేకపోతే, బ్యాలెన్స్ లేకపోతే నంబరు పోయే ప్రమాదముంది. ఆ నంబరు వేరేవాళ్లకు వెళ్లాక బ్యాంకు చుట్టూ తిరగాల్సింది ఇంట్లో ముసలి అమ్మానాన్నలే. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలున్నవాళ్లు ఆస్ట్రేలియా నంబరుతోనే యూపీఐ వాడుకోవడానికి 2023లో అనుమతి వచ్చింది. మీ బ్యాంకు ఇస్తోందేమో కనుక్కోండి.

చేయాల్సిందెవరు?

ఇంతా చెప్పాక ఎవరైనా అనొచ్చు: 'ఇవన్నీ ఎవరికి వారు చూసుకోవాల్సినవే కదా, ఇందులో పత్రికలో రాసేదేముంది?' అని. కొంత నిజమే. ఫ్లైట్ మోడ్ పెట్టుకోవడానికి ప్రభుత్వం రానక్కర్లేదు. కానీ ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో మనుషుల్ని పెట్టి పని చేయించుకునేవాడికి బాధ్యత లేదా? ఆ రాత్రి మా క్యాంపులో గోడకు ఒక ల్యాండ్‌లైన్ ఉండి ఉంటే, మా మూడు ఫోన్ల కథ ఇంత దూరం వచ్చేదే కాదు.

క్యాంపు నడిపేవాళ్లను మేం అడిగేవి నాలుగే. అందరికీ అందేచోట ఒక ఫోన్, దాని పక్కన క్యాంపు చిరునామా పెద్దక్షరాల్లో. వచ్చిన మొదటి రోజే ప్రతి ఒక్కరి ఫోన్ పనికొస్తుందో లేదో చూడటం. మంచానికొక ప్లగ్గు పాయింటు. పనికి పిలిచే కాగితంలోనే ఫోన్ గురించి రెండు వాక్యాలు. ఇవేమీ కోట్లు ఖర్చయ్యేవి కావు. ముగ్గురు నలుగురు కలిసి, మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. ఒక్కడే అడిగితే గొంతెమ్మ కోరిక అంటారు, నలుగురడిగితే వింటారు.

నగరాల్లోని మన తెలుగు సంఘాల పెద్దలకూ ఒక విన్నపం. 2021 జనాభా లెక్కల్లో ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 59 వేల మందికి పైగా తేలారు. ఉగాదికి, బతుకమ్మకు హాళ్లు నిండుతున్నాయి, సంతోషం. అదే హాల్లో ఒక మూల బల్ల వేసి, ఫోన్లు తెలిసిన ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టి, కొత్తగా వచ్చినవాళ్ల ఫోన్లు చూసి పెట్టమనండి. మీ ఇళ్లల్లో పక్కన పడేసిన మంచి ఫోన్లుంటే ఇవ్వండి. పులిహోర ప్యాకెట్టు ఒక పూట ఆకలి తీరుస్తుంది. పనిచేసే ఫోన్ ఒక ఇంటి దీపాన్ని కాపాడొచ్చు.

ఇక మనం. సిగ్గు విడిచిపెట్టాలి. మా తమ్ముడు నాలుగు నెలలు తన ఫోన్ పనిచేయడం లేదని ఎవరికీ చెప్పలేదు. కొత్త ఫోన్ కొని మోసపోయానంటే నవ్వుతారని. చెప్పి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. ఇంగ్లీషు రాదని కంపెనీకి ఫోన్ చేయనివాళ్లూ మనలో ఉన్నారు. 131 450కు ఫోన్ చేసి 'తెలుగు' అనండి, దుబాసీని కలుపుతారు. సిమ్ కంపెనీ మన గోడు వినకపోతే టెలికాం అంబుడ్స్‌మన్ ఉంది, నంబరు 1800 062 058, ఫిర్యాదుకు డబ్బు కట్టక్కర్లేదు. 'ఎమర్జెన్సీ ప్లస్' అనే యాప్ పెట్టుకుంటే మనమెక్కడున్నామో చూపిస్తుంది, ఊరి పేరు పలకడం రాకపోయినా ఫర్వాలేదు.

108 అంటే ఏమిటో మనకెవరూ చెప్పక్కర్లేదు. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అది మొదలైంది. పల్లెల్లో పసిపిల్లలకు కూడా ఆ నంబరు నోటికి వచ్చు. ఇక్కడ ఆ నంబరు పనిచేయదు. ఇక్కడిది 000. సెల్‌ఫోన్ నుంచి 112 నొక్కినా అక్కడికే వెళ్తుంది. వాట్సాప్ నుంచి మాత్రం ఏ అంబులెన్సూ రాదు. ఇంట్లో అమ్మ మొహం రోజూ కనిపిస్తోందని ఫోన్ ఉన్నట్టు అనుకోకండి.

ఈ ఆదివారం ఒక పని చేద్దామా? వంట అయ్యాక, సినిమా పెట్టుకునే ముందు, గదిలో ఉన్న ఫోన్లన్నీ ఒక చోట పెట్టండి. ఏది పనికొస్తుంది, ఏది రాదు, ఏది ఉబ్బింది, ఎవరిది ఏ సిమ్ అని చూసుకోండి. పనికొచ్చేది ఒక్కటైనా రాత్రిపూట ఛార్జింగ్‌తో, అందరికీ తెలిసిన చోట ఉండాలి. మా గదిలో అది తలుపు పక్క మేకుకు వేలాడుతోంది. ఆ జనవరి రాత్రి తర్వాత ఒక్క రోజూ అది ఖాళీ బ్యాటరీతో లేదు.